ఊరి రిజిస్టర్



జగిత్యాల బస్టాండులో రాయికల్ బస్సెక్కి కూచుంటే పక్క సీటు పెద్దమనిషి అడిగే మొదటి మాట, "ఎవలి బిడ్డవు?" రెండో మాట, "ఏం సదువుతున్నవు?" మొన్న ఒకాయనకు ఎం.ఏ. పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ అని చెప్పాను. "గదేం సదువు? దాంతోని ఏం నౌకరొస్తది?" అన్నాడు. పంచాయతీనో మున్సిపాలిటీనో నడిపే నౌకరి అన్నాను. ఆయన కాసేపు కిటికీలోంచి చూసి, "గింత సదువు సదివి మోరీలు లెక్కబెడ్తవా బిడ్డా?" అన్నాడు. ఎగతాళికి అనలేదు. నా మీద నిజంగానే జాలిపడ్డాడు. మా ఇంట్లోనూ ఇదే మాట. మా పెద్దబాపు లెక్కలో చదువుకు రెండే దారులు. గ్రూప్-1 కొట్టి డిప్యూటీ కలెక్టర్ కావాలి, అది కాకపోతే టీచర్ కావాలి.

నేను జవాబు మొదలుపెట్టేసరికే బస్సు రాయికల్ చేరింది. ఆ మిగిలిన జవాబు ఇవాళ మీకు చెబుతాను.

రాయికల్ సంగతే తీసుకుందాం. 2018 ఆగస్టు 1 రాత్రి రాయికల్ వాళ్లు గ్రామ పంచాయతీలో పడుకున్నారు, తెల్లారి మున్సిపాలిటీలో లేచారు. అప్పుడే రాష్ట్రమంతటా 68 కొత్త మున్సిపాలిటీలు పుట్టాయి. ఆఫీసు మీద బోర్డు మారింది. సర్పంచి కుర్చీ పోయి చైర్‌పర్సన్ కుర్చీ వచ్చింది. ఆ కుర్చీలో మనిషి కూచోవడానికి మాత్రం మరో ఏడాదిన్నర పట్టింది. 12 వార్డులకు మొదటి ఎన్నికలు 2020 జనవరిలో జరిగాయి. అప్పటిదాకా ఊరి మంచిచెడ్డలు అధికారుల చేతిలోనే ఉన్నాయి. మోరీలు అవే, పసుపు ఆరబోసే వాకిళ్లు అవే, బీడీలు చుట్టే అరుగులు అవే. జనానికి ముందుగా తగిలిన మార్పు ఉపాధి హామీ. ఆ చట్టం పల్లెలకే వర్తించేది. ఊరు పట్టణం కాగానే జాబ్ కార్డు అటక మీదికి పోయింది. చుట్టుపక్కల మున్సిపాలిటీల్లో కలిపిన పల్లెలకు పోయి అడగండి, ఈ మాట ఇప్పటికీ వినిపిస్తుంది.

నాకు ఆ రోజుల్లో డిగ్రీ కూడా పూర్తి కాలేదు. అయినా ఒకటి గమనించాను. పట్టణమైతే ఏం వస్తుంది, ఏం పోతుంది, ఇంటి పర్మిషన్ ఎక్కడ తీసుకోవాలి, పన్ను ఎందుకు మారింది, ఈ సంగతులు అరుగు మీద కూచొని చెప్పే మనిషి లేడు. అటువంటి మనిషిని తయారుచేసే చదువు ఉందా అని వెతుక్కుంటూ పోతేనే నేను ఈ సబ్జెక్టులో చేరాను.

అదే 2018లో తెలంగాణ కొత్త పంచాయతీరాజ్ చట్టం తెచ్చుకుంది. తండాలు, గూడేలు విడి పంచాయతీలయ్యాయి. పంచాయతీల సంఖ్య 12,751కి చేరింది. అంతకుముందు నాలుగైదు ఊళ్లకు ఒకే కార్యదర్శి ఉండేవాడు, ఏ రోజు ఏ ఊళ్లో ఉంటాడో ఎవరికీ తెలిసేది కాదు. కొత్త చట్టం వచ్చాక ఊరికొక కార్యదర్శి ఉండాలన్నారు. 9,355 జూనియర్ పంచాయతీ కార్యదర్శుల పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. 2019 వేసవిలో వాళ్లు ఊళ్లలోకి వచ్చారు. అడిగిన అర్హత డిగ్రీ. నాకు తెలిసినవాళ్లలోనే ఎం.కాం. చదివినవాళ్లున్నారు, బీటెక్ వాళ్లున్నారు. మొదట నెలకు 15,000 రూపాయలు ఇచ్చారు, తర్వాత 28,719 చేశారు. మూడేళ్లన్న ప్రొబేషన్ నాలుగేళ్లయింది. 2023లో సమ్మె చేస్తేగాని రెగ్యులర్ కాలేదు. ఊరంతటి భారం మోసే మనిషిని అన్నేళ్లు తాత్కాలికంగా ఉంచడం అన్యాయం. ఈ మాట నేను ఎక్కడైనా అంటాను.

2025 వర్షాకాలంలో నా డిజర్టేషన్ కోసం రాయికల్ మండలంలో ఒక చిన్న పంచాయతీకి మూడు వారాలు పోయి వచ్చాను. ఊరి పేరు చెప్పను. కొన్ని ఇళ్ల సంగతులు చెప్పబోతున్నాను, వాళ్ల పరువు వాళ్లది. అక్కడి కార్యదర్శి 2019 బ్యాచ్ ఆమె. ఊరివాళ్లకు మేడం, నాకు అక్క. అప్పటికి ఊళ్లో సర్పంచి లేడు. 2024 ఫిబ్రవరి నుంచి రాష్ట్రంలో పంచాయతీలన్నీ ప్రత్యేకాధికారుల పాలనలోనే ఉన్నాయి. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే కేంద్ర ఆర్థిక సంఘం నిధులు రావు. చెత్త ట్రాక్టరు మాత్రం రోజూ తిరగాలి. అక్క డీజిల్ అప్పుగా పోయించుకునేది. పొద్దున ఏడు కాకముందే వచ్చి, మోరీ తీస్తున్న ఫొటో, ట్రాక్టరు ఫొటో యాప్‌లో ఎక్కించేది. ఆ తర్వాత కారోబార్‌ను, వాటర్‌మన్‌ను పిలిచి ఆ రోజు పని పంచేది.

ఒక రోజు పదకొండు గంటల వేళ ఒకామె వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయేమో. చేతిలో ప్లాస్టిక్ కవర్ ఉంది. ఆమె భర్త దుబాయిలో పోయాడు. పెట్టె ఇంటికొచ్చి రెండు నెలలైంది. డెత్ సర్టిఫికెట్ కావాలని తిరుగుతోంది. అంతకుముందు పోయిన ఒక ఆఫీసులో రెండుసార్లు రేపు రమ్మన్నారట, మూడోసారి "మీ పంచాయతీలనే ఇస్తరు, పో" అన్నారట. మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో ఇటువంటి ఇల్లు లేని ఊరు ఉందా? బొంబాయి, భివండి వలసల తర్వాత గల్ఫ్ వలస మన దగ్గర ఇంటి గుంజలా పాతుకుపోయింది. అయినా గల్ఫ్‌లో మనిషి పోతే ఏ కాగితం ఎక్కడ పుడుతుందో ఆఫీసుల్లో సైతం చాలామందికి తెలియదు.

అక్కకు తెలుసు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం మరణం ఎక్కడ జరిగితే అక్కడే నమోదు కావాలి. దుబాయిలో పోయిన మనిషిని రాయికల్ మండలం రిజిస్టర్‌లో రాయకూడదు. జాలిపడి రాసిచ్చినా అది తప్పుడు కాగితమే. రేపు బీమా దగ్గరో బ్యాంకు దగ్గరో ఆ ఇల్లాలికే అడ్డం పడుతుంది. పరదేశంలో పోయిన భారతీయుడి మరణాన్ని అక్కడి మన రాయబార కార్యాలయమో కాన్సులేటో నమోదు చేస్తుంది.

"చెల్లె, డబ్బతోని అచ్చిన కాయితాలు అన్ని తెచ్చినవా?" అని అడిగింది అక్క. ఆమె కవర్ విప్పి బల్ల మీద పరిచింది. రద్దు చేసిన పాస్‌పోర్టు ఉంది. అరబీలో ఒక కాగితం. ఆస్పత్రి కాగితం. విమానం వాళ్ల కాగితం. అన్నిటికీ అడుగున మూడు సింహాల ముద్ర ఉన్న కాగితం ఒకటి. అక్క దాన్ని పైకి తీసి ఆమె ముందుకు జరిపింది. "నువ్వు తిరుగుతున్నది దీనికోసమే. ఇదే సర్టిఫికెట్."

ఆమె ఆ కాగితం వైపు చూస్తూ కూచుంది. "రెండు నెలల సంది బీరువల పెట్టి తాళమేసుకున్న మేడం" అంది.

అక్క తెల్లకాగితం తీసుకొని వరసగా రాసిచ్చింది. తహసీల్దార్ ఆఫీసులో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్. గల్ఫ్‌లో మరణించినవారి కుటుంబానికి రాష్ట్ర ప్రభుత్వం ఇస్తున్న 5 లక్షల రూపాయల సాయానికి కలెక్టరేట్‌లో దరఖాస్తు, దానికి గడువుంటుంది కాబట్టి అది ముందు. ఆ తర్వాత బ్యాంకు. ఆఖరికి ఇల్లు ఆమె పేరు మీదికి మార్చుకోవడం. దేనికి ఏ జిరాక్సు, ఎన్ని ప్రతులు, ఎవరి సంతకం, అన్నీ రాసింది. చదవడం వస్తుందా అని అడిగి, కొద్దిగా వస్తుందంటే అక్షరాలు పెద్దవి చేసి మళ్లీ రాసింది.

నేను పక్కనే కూచొని చూశాను. అధికార యంత్రాంగం లక్షణాల మీద ఎన్ని పేజీల జవాబైనా రాయగలను. రాజ్యాంగం 11వ షెడ్యూలులో పంచాయతీలకు 29 అంశాలు, 12వ షెడ్యూలులో మున్సిపాలిటీలకు 18 అంశాలు ఉన్నాయని నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఆ కవర్ నా ముందు విప్పి ఉంటే నేనూ ఆమెను రేపు రమ్మనేదాన్ని. రెండేళ్ల పీజీలో ఎవరూ నన్ను ఒక కాగితాల కవర్ ముందు కూచోబెట్టలేదు.

ఇల్లు పేరు మార్చడం అన్నాను కదా. అందుకోసం అక్క డిమాండ్ రిజిస్టర్ తీసింది. ఊరిని నడపడమంటే ఏమిటో తెలుసుకోవాలనుకునేవాళ్లు ఆ రిజిస్టర్ ముందు ఒక పూట కూచోవాలి. ఇంటి నంబరు, యజమాని పేరు, పాత బకాయి, ఈ ఏటి పన్ను, వసూలు. గడులు ఇవే. కానీ యజమాని పేరున్న వరసలో సగం మంది ఎప్పుడో పోయినవాళ్లు. తాత పేరు మీద ఇల్లు, మనవడు మస్కట్‌లో, ఇంటికి తాళం, గ్రిల్లులో దూర్చిన మూడేళ్ల డిమాండ్ నోటీసులు వానకు తడిసి ముద్దయ్యాయి. అక్క మస్కట్ నంబరు సంపాదించి వాట్సాప్‌లో ఫోన్ చేస్తుంది. "తమ్మీ, నీ ఇంటి పన్ను మూడేండ్లది ఉన్నది, మీ గల్లీ లైటు గూడ కాలిపోయింది" అంటుంది. సాయంత్రానికి డబ్బు వస్తుంది.

ఆ చిన్న మొత్తాలకు అక్క ఎందుకంత పట్టుబడుతుందో నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత లెక్క చూపించింది. 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే ఖర్చుపెట్టాలని అప్పటి షరతు. మిగతా పథకాల డబ్బుకు పైనుంచే దారి గీసి ఉంటుంది. మనం అనుకున్న పని మనం చేసుకోవడానికి ఊరికి మిగిలేది ఇంటి పన్నే. ఇంటి పన్ను కట్టని ఊరు, వీధి లైటు కోసం కూడా పైవాళ్ల ముఖం చూడాలి. మున్సిపాలిటీలోనూ సంగతి ఇంతే. ఏప్రిల్ 30 లోపు ఏడాది ఆస్తి పన్ను మొత్తం కడితే 5 శాతం తగ్గిస్తామని ప్రకటిస్తారు చూడండి, దాని వెనక ఉన్నది ఈ అవసరమే.

ఇక మోరీ. బస్సులో పెద్దమనిషి జాలిపడ్డ మోరీ సంగతి కూడా చెప్పాలి.

ఆ ఊళ్లో ఒక గల్లీకి సీసీ మోరీ కట్టారు. పని పూర్తయిందని మెజర్‌మెంట్ బుక్‌లో రాసుంది, బిల్లు కూడా అయిపోయింది. కానీ ప్రతి వానకూ నీళ్లు ఒక అవ్వ గడప ముందు ఆగుతాయి. ఆమె బీడీలు చుట్టే అరుగు అక్కడే. తునికాకు తడిస్తే ఆ రోజు కూలి పోయినట్టే. "గీ నీళ్లు నా గడప ముందట్నే ఎందుకాగుతయి బిడ్డా? మీరు రాసుకపోవుడే గాని ఏమైతున్నది?" అని నన్నే నిలదీసింది. నా చేతిలో నోట్‌బుక్ ఉంది మరి.

అక్క ఊళ్లో మేస్త్రీ దగ్గరనుంచి సన్నటి తెల్ల పైపు తెప్పించింది. అందులో నీళ్లు నింపి ఒక కొన కల్వర్టు దగ్గర కారోబార్‌కు, ఇంకో కొన అవ్వ గడప దగ్గర నాకు ఇచ్చింది. పైపులో నీళ్లు రెండు కొనల్లోనూ ఒకే ఎత్తున నిలుస్తాయి. ఆ ఎత్తునుంచి మోరీ అడుగు ఎంత లోతున ఉందో రెండు చోట్లా టేపుతో కొలిచింది. కల్వర్టు వైపు అడుగు నాలుగు వేళ్లు ఎత్తుగా ఉంది. నీళ్లు ఎక్కి పోవాలి! పోవు కదా. కట్టిన రోజు ఎవరైనా ఈ పైపు పట్టుకొని ఉంటే సరిపోయేది. మోరీ పొడవు కొలిచి బిల్లు చేశారు, వాలు కొలవలేదు.

మళ్లీ కట్టడానికి డబ్బు లేదు. అప్పుడు ఆ అవ్వే చెయ్యి చాపి చూపించింది. "ఎనుకట వాన నీళ్లు గీ సందుల నుంచి కుంటలకు పోతుండె. గోడ వెట్టి మూసిండ్రు." సందు వెనక్కి పోయి చూస్తే పాత కాలువ ఆనవాలు ఇంకా ఉంది. అక్క ఆ కొలతలు, అవ్వ చెప్పిన మాట, రెండూ గ్రామసభ రికార్డులోకి ఎక్కించే కాగితంలో రాసింది. చదువుకున్న మనిషి పైపు పట్టుకోవడం, చదువుకోని మనిషి వాన దారి చెప్పడం, ఈ రెండూ ఒకేచోట కలవడానికి ఒక ఆఫీసు కావాలి. పంచాయతీ ఆఫీసు అందుకే ఉందని నాకు ఆ గల్లీలోనే తెలిసొచ్చింది.

మన ప్రాంతానికి ఈ చదువు పరాయిది కాదు. కరీంనగర్ జిల్లా మైలారంలో పుట్టిన ప్రొఫెసర్ జి. రాంరెడ్డి ఉస్మానియాలో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ చెప్పారు, పంచాయతీరాజ్ మీద పరిశోధించారు. 1959 అక్టోబరు 2న రాజస్థాన్‌లోని నాగౌర్‌లో పంచాయతీరాజ్ మొదలైతే ఆ నెలలోనే మన షాద్‌నగర్‌లోనూ మొదలైంది. అది ఊళ్లలో ఎలా నడిచిందో దగ్గరుండి చదివిన తరం ఆయనది. 1982లో హైదరాబాద్‌లో దేశపు మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం పెడితే దానికి తొలి వైస్ చాన్సలర్ ఆయనే. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ ఆయనే తొలి వైస్ చాన్సలర్. నేను చెప్పిన అక్క కొలువు చేస్తూనే ఎం.ఏ. పూర్తిచేసింది, ఆదివారాలు క్లాసులకు పోయి, హైదరాబాద్‌లోని ఆ సార్వత్రిక విశ్వవిద్యాలయంలోనే. ఆ తలుపు తెరిచిన మనిషి ఈ నేల మీద పుట్టినవాడని చెబితే ఆమెకు అప్పటిదాకా తెలియదు. చాలా సంతోషపడింది.

ఇప్పుడు ఊరిని నడిపే ఇలాంటి కొలువులకు దారి ఏమిటంటారా? పరీక్షే. గ్రూప్-1లో మున్సిపల్ కమిషనర్, ఎంపీడీఓ, జిల్లా పంచాయతీ అధికారి పోస్టులుంటాయి. గ్రూప్-2లో గ్రేడ్-3 మున్సిపల్ కమిషనర్, మండల పంచాయతీ అధికారి. 2022లో వచ్చిన గ్రూప్-2 నోటిఫికేషన్‌లో 783 పోస్టులుంటే అందులో మండల పంచాయతీ అధికారులవి 126, కమిషనర్లవి 11. మా తోటివాళ్లు హైదరాబాద్ అశోక్‌నగర్ గదుల్లో ఏళ్ల తరబడి చదువుతున్నారు. వాళ్ల కష్టం నాకు తెలుసు, నేనూ ఆ దారిలోనే ఉన్నాను. కానీ ఆ పరీక్ష రాసి వచ్చిన మనిషి కమిషనర్ కుర్చీలో కూచునే దాకా ఒక మోరీ వాలు కొలిచి ఉండడు, ఒక డిమాండ్ రిజిస్టర్ తిరగేసి ఉండడు. శిక్షణ ఉంటుంది, కాదనను. అది ఉద్యోగం వచ్చాక. ఈ పని తనకు సరిపడుతుందో లేదో ముందే తెలుసుకునే వీలు ఆ మనిషికి ఎక్కడుంది?

అటువంటి వీలున్న చోటు సంగతి ఒకటి చెబుతాను. అమెరికాలో డేటన్ అనే పట్టణం 1913 మార్చిలో వరదలో మునిగిపోయింది. బురద కడుక్కున్న జనం ఊరి నిర్వహణను ఆ పని తెలిసిన మనిషికి అప్పజెప్పాలని తీర్మానించుకొని, మరుసటి ఏడాదే ఒక ఇంజనీరును మేనేజరుగా పెట్టుకున్నారు. అక్కడ కౌన్సిలే మేనేజరును నియమిస్తుంది, పని నచ్చకపోతే తీసేస్తుంది. మన పద్ధతి వేరు, మనకు కమిషనర్‌ను ప్రభుత్వం పంపుతుంది. అక్కడి పద్ధతిని ఇక్కడ నాటాలని నేననను. వాళ్లనుంచి నేర్చుకోవలసింది ఒకటుంది. ఈ చదువు చదివే పిల్లలు అక్కడ ఊరి ఆఫీసులో కొంతకాలం పనిచేసి నేర్చుకుంటారు. మన దగ్గరా 2020 జూన్‌లో కేంద్రం ట్యులిప్ అనే పథకం తెచ్చింది, కొత్తగా డిగ్రీ అయినవాళ్లకు మున్సిపాలిటీల్లో ఇంటర్న్‌షిప్ చేసే వీలు కల్పించింది. మా క్లాసులో దాని పేరు విన్నవాళ్లు ఇద్దరే. శాతవాహన, కాకతీయ, ఉస్మానియా, ఎక్కడ ఈ సబ్జెక్టు చెప్పినా ఒక సెమిస్టర్ తరగతి గదినుంచి తీసి పంచాయతీకో మున్సిపాలిటీకో ఇవ్వాలి. రాయికల్ లాంటి కొత్త మున్సిపాలిటీకి ఏటా ముగ్గురు పీజీ పిల్లలు ఆరునెలల పాటు వచ్చి ఇంటింటి పేర్లు సరిచూసినా అక్కడి డిమాండ్ రిజిస్టర్‌లోంచి పోయినవాళ్లు పోయి, ఉన్నవాళ్లు వచ్చి చేరతారు.

నా మటుకు నేను ఒకటి తేల్చుకున్నాను. పరీక్ష పాసైతే పోస్టుల ఆప్షన్లు వరసగా పెట్టాలి. మావాళ్లంతా డిప్యూటీ కలెక్టర్, డీఎస్పీ మొదట పెట్టి కమిషనర్ పోస్టును కిందికి తోస్తారు. నేను మొదటి గడిలోనే మున్సిపల్ కమిషనర్ పెడతాను. పెద్దబాపుతో ఈ మాట ఇంకా తేలలేదు. "ఊరంత నీ మీద పడి అరుస్తది బిడ్డా" అంటాడు. అరుస్తుంది, నిజమే. నీళ్లు రాని మనిషి ఎవరిమీద అరవాలి మరి? మనకు దగ్గరలో ఉన్న సర్కారు మీదే కదా.

2025 డిసెంబరులో పంచాయతీ ఎన్నికలు జరిగాయి. ఆ ఊరికి కొత్త సర్పంచి వచ్చాడు. ఆ తర్వాత ఒకసారి అక్కను చూడ్డానికి పోయాను. అవ్వ గల్లీ మోరీ కొత్త పాలకవర్గం ఎజెండాలో ఉంది, ఇంకా పని మొదలుకాలేదు. నేను ఉండగానే ఆ ప్లాస్టిక్ కవర్ ఆమె వచ్చింది. ఇంటి పన్ను కట్టడానికి వచ్చింది. అక్క డిమాండ్ రిజిస్టర్ ఆమె వైపు తిప్పింది. ఇంటి నంబరు పక్కన మామ పేరు మీద ఎర్ర ఇంకుతో గీత, ఆ కింద కొత్త పేరు. ఆమె కూడబలుక్కుంటూ చదివింది. "గిది నా పేరేనా మేడం?" అని అడిగింది. అవునంది అక్క. ఆమె వేలు ఆ గడి మీద కాసేపు ఆగింది. ఆ తర్వాత కొంగు ముడి విప్పి డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, రశీదు మడతపెట్టి ఆ కవర్‌లోనే దాచుకుంది.